కెప్టెన్ గారి ఆరోగ్యం

జనవరి 9

వదినకి,

ఈ ఉత్తరం నీకు చేరిందంటే మా కారు డ్రైవరు మాట నిలబెట్టుకున్నట్టే. దొడ్డిదారిన పంపగలిగేది ఇదొక్కటే, రేపటి నుంచి అతన్ని మార్చేస్తున్నారు. కాబట్టి జాగ్రత్తగా చదువు.

ఈ సీరియల్ రాసే నలుగుర్నీ ఈ ఏటి ఆఖరి ఎపిసోడు ముగిసేదాకా ఒక గెస్ట్‌హౌస్‌లో పెట్టి తాళం వేశారు. తాళమంటే నిజం తాళమే. ఫోన్లు ఇనప్పెట్టెలో ఉన్నాయి. కిందటేడు కథ ముందే బయటికి పొక్కిందని ఈసారి ఈ వైభోగం. ఉత్తరాలు రాసుకోవచ్చు కానీ, వచ్చేదీ పోయేదీ ఒకాయన విప్పి చదువుతాడు. కథ సంగతి కనిపిస్తే నల్లసిరా పూసి, మళ్ళీ అంటించి, సీలు గుద్దుతాడు. ఆయనకి సీలయ్య అని పేరు పెట్టాం.

అన్నయ్య షూటింగు చేసే చోటు ఇక్కడికి దగ్గరే. అయినా చూడనివ్వరు. కెప్టెన్ బతుకుతాడో పోతాడో వేషం వేసేవాడికి ముందే తెలిస్తే మొహంలో కనిపించేస్తుందట! అంతరిక్షంలో ఓడకి చిల్లు పడుతుంది, పూడ్చడానికి కెప్టెన్ ఒక్కడే బయటికి వెళ్తాడు. అక్కడిదాకా అందరం ఒప్పుకున్నాం. తిరిగొస్తాడా లేదా అన్నదే ఇక్కడ రోజూ రణం. మా పెద్ద రచయితకి చంపాలని సరదా. నా ప్రాణం ఉండగా చంపనివ్వను. ఏళ్ళ తరబడి నాటకాల్లో మూడో సైనికుడూ రెండో దొంగా వేసిన మా అన్నయ్యకి ఇన్నాళ్ళకి కెప్టెన్ వేషం దొరికింది. కెప్టెన్ బతికితేనే కదా వచ్చే ఏడు ఆ వేషం ఉండేది.

అందుకని ఒక ఉపాయం. ఇకమీదట కెప్టెన్ సంగతి రాయాలంటే "ఆయన ఆరోగ్యం" అని రాస్తాను. ఆరోగ్యం బాగుందంటే బతికించామని. పెద్ద రచయితని "పెద్ద డాక్టరు" అంటాను. నువ్వూ అలాగే రాయి. ఇంట్లో మనిషి జబ్బు గురించి రాసుకుంటే సీలయ్యకేం పోయింది?

ఈ కాగితం చింపి పొయ్యిలో పడెయ్.

నీ మరదలు

జనవరి 20

మరదలికి ఆశీస్సులు.

నీ ఉపాయం బాగానే ఉంది గానీ, నాకిక్కడ పిచ్చెక్కుతోంది. పళ్ళ డాక్టరు దగ్గర పేర్లు రాసి లోపలికి పంపే ఉద్యోగం నాది. వచ్చినవాళ్ళు పన్ను నొప్పి సంగతి మర్చిపోయి సీరియల్ సంగతి అడుగుతున్నారు, కెప్టెన్ పెళ్ళాన్ని కదా! నిన్న ఒకావిడ దవడకి మత్తింజెక్షను పడి, మూతి సగం వేలాడుతుండగా, "కెఫ్టెన్ ఫతుకుతాడా?" అంది. డాక్టరైనా కసురుకుంటాడేమో అనుకున్నాను. పట్టకారు గాల్లో ఆపి ఆయన కూడా నా మొహం వంకే చూస్తున్నాడు. నాకేం తెలుసు? నాకు తెలిసిందల్లా మొగుడి చొక్కా కాలరు సైజు.

లోకానికంతటికీ కెప్టెన్ బతుకే కావాలి. ఇంట్లో మనిషి ఎలా ఉన్నాడని అడిగిన నాథుడు లేడు.

మీ అన్నయ్య మొన్న సెలవు దొరికితే వచ్చి వెళ్ళాడు. నీకు ఒక మాట చెప్పొద్దని తన నెత్తిన నా చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకున్నాడు. కాబట్టి నేను చెప్పను. చెప్పకుండా చెబుతున్నాను, నువ్వే అర్థం చేసుకో. ఆయన ఆరోగ్యం నీ చేతుల్లో ఉంది. ఎలాగోలా ఆయన్ని ఆ ఓడలోంచి ఒడ్డున పడెయ్. మనుషుల్ని మాటలతో మభ్యపెట్టడం నీకు వెన్నతో పెట్టిన విద్య. ఆ విద్య ఇప్పుడు కాస్త ఇంటికి పనికి రానీ.

నీ చలికోటు ఇక్కడే వదిలి వెళ్ళావు. దాని జేబులో నా కత్తెర ఉంది. నెలనాళ్ళుగా ఇల్లంతా వెతికాను.

వదిన

జనవరి 29

వదినకి నమస్కారాలు.

చెప్పకుండా చెబుతున్నానన్నావు చూడు, అక్కడ నీకు వీరతాడు వెయ్యాలి! సంకోచం లేకుండా రాశావు. ఇంత తొందరగా అందుకుంటావని నేననుకోలేదు. నువ్వు కోరినట్టే ఆయన్ని ఒడ్డున పడేసే ప్రయత్నంలోనే ఉన్నాను.

పెద్ద డాక్టరు ఇక లాభం లేదన్నాడు. ఈయన ఒకప్పుడు కాలేజీలో ఫిజిక్సు చెప్పాడు, దాంతో దేనికైనా "శాస్త్రం ఒప్పుకోదు" అంటాడు. టీలో పంచదార ఎక్కువైనా శాస్త్రం ఒప్పుకోదు. మన ఆయన ఆరోగ్యం కుదుటపడటానికి అసలే ఒప్పుకోదట. నేను ఒంటికాలి మీద లేచాను. గోడమీది తెల్లబోర్డు మీద ఆయన ఇంటూ కొట్టడం, నేను చెరపడం. నిన్న చెరిపే గుడ్డ కోసం ఇద్దరం పెనుగులాడితే మిగతా ఇద్దరూ విడదీశారు.

మొత్తానికి మెత్తబడ్డాడు. ఆయన ఆరోగ్యం నిరుటికన్నా మెరుగ్గా ఉంటుంది. నువ్వు బెంగ పెట్టుకోకు.

కత్తెర ఆ జేబులోకి ఎలా వచ్చిందో నాకు తెలియదు. నేనైతే పెట్టలేదు.

నీ మరదలు

ఫిబ్రవరి 6

మరదలికి,

ఆశీస్సులు తర్వాత. నేను ఏడవలేక ఛస్తుంటే నాకు వీరతాడు వేస్తావా?

ఇక దాచను. ఒట్టు తీసి గట్టున పెడుతున్నాను, పాపమేదో నాకే తగలనీ. మీ అన్నయ్యకి గొంతు పాడైంది. సెలవుల్లో వచ్చినప్పుడు లాక్కుపోయి గొంతు డాక్టరుకి చూపించాను. సన్నటి గొట్టం పెట్టి చూశాడు. చేతులకి కాయలు కాసినట్టు మాట పలికే చోట కాయలు కాశాయన్నాడు. ఆ కెప్టెన్ గాజుబుర్ర తలకి తగిలించుకుంటే తన మాట తనకే వినపడక, ఈయన మూడేళ్ళుగా అరిచి చస్తున్నాడు. ఇంకొక్క ఏడాది ఇలాగే అరిస్తే మాట శాశ్వతంగా పోతుందన్నాడు డాక్టరు. తిరిగి రాదు అని రెండుసార్లు అన్నాడు, మీ అన్నయ్య వినపడనట్టు గోడమీది బొమ్మ చూస్తున్నాడని.

మానెయ్యమంటే వింటాడా? "ఇన్నాళ్ళకి దొరికింది, ఈ ఒక్క ఏడాదీ" అంటాడు. నీకు తెలిస్తే నువ్వు కథే మార్చేస్తావని భయం, అందుకే ఆ ఒట్టు. ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తాడు. రెండు మాటలయ్యేసరికి దగ్గు వచ్చిందని పెట్టేస్తాడు.

ఆయన తనంతట తాను రాడు. నువ్వే ఇంటికి చేర్చాలి. నాకు పేరూ వద్దు, వేషమూ వద్దు, ఇంటికొచ్చి మాట్లాడే మొగుడు కావాలి. ఉన్నదున్నట్టు రాశాను. ఉన్నదున్నట్టే చదువుకో.

వదిన

ఫిబ్రవరి 13

నా బంగారు వదినకి,

నీలో ఇంత రచయిత్రి దాగుందని తెలిస్తే నీకే ఈ ఉద్యోగం ఇప్పించి నేను పళ్ళ డాక్టరు దగ్గర చేరేదాన్ని! గొట్టం పెట్టి చూడటమేమిటి, గోడమీది బొమ్మేమిటి! సీలయ్య పూర్తిగా బోల్తా పడ్డాడు. నిన్న నన్ను పక్కకి పిలిచి, "మీ అన్నగారి గొంతు సంగతి చదివానమ్మా, గోరువెచ్చని ఉప్పునీళ్ళు పుక్కిలించమనండి" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నవ్వాపుకోలేక గదిలోకి పరిగెత్తి తలుపేసుకున్నాను.

గొంతంటే డైలాగులని నేను మొదటిసారి చదివినప్పుడే పట్టేశాను. నిజమే, ఈ ఏడు ఆయనకి మాటలు బాగా తగ్గించేశారు. నువ్వు పసిగట్టావు చూడు, ఇక్కడ ఒక్కరికీ తట్టలేదు. వెంటనే మందు రాశాను. రెండు పేజీల మందు! గుక్క తిప్పుకోకుండా, గొంతు చించుకుని వేసుకోవాల్సిన మందు. ఆ మందు పడితే జనం కుర్చీల్లోంచి లేస్తారు.

ఇంటికి చేర్చమన్నావు కదా, దానికీ పెద్ద డాక్టరు చేత తల ఊపించాను. ఆయన ఆరోగ్యానికి ఇక రెండు మూడేళ్ళదాకా ఢోకా లేదు. గుండెమీద చెయ్యి వేసుకుని నిద్రపో.

నీ తెలివికి దాసోహమన్న మరదలు

ఫిబ్రవరి 20

నిన్ననవలసిన పని లేదు, నిన్ను కన్న మా అత్తగారిని అనాలి.

రెండు పేజీలా? గొంతు చించుకునా? మొన్న ఆదివారం ఫోన్లో మాట రాలేదే. గాలి వచ్చింది. నేను "ఏమండీ, ఏమండీ" అంటూనే ఉన్నాను, అవతల గాలి. కాసేపటికి పెట్టేశాడు. నేను ఫోను పట్టుకుని అలాగే నిలబడ్డాను.

తిన్నగా చెబితే వంకరగా అర్థం చేసుకుంటావు, వంకరగా చెబితే ఇంకా వంకరగా అర్థం చేసుకుంటావు. చదువుకున్న మొద్దుకి చెప్పడం కంటే గోడకి చెప్పుకోవడం నయం. ఇక ఒకే ఒక్క మాట మిగిలింది. పెళ్ళయిన ఏ ఆడదీ కాగితం మీద పెట్టకూడని మాట. మొదటి ఉత్తరంలోనే రాయాల్సింది, చెయ్యి రాలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

మీ అన్నయ్యని చంపెయ్.

నువ్వూ ఆ పెద్ద డాక్టరూ కలిసి ఎలా చంపుతారో నాకనవసరం. నొప్పి తెలియకుండా చంపితే సంతోషం. ఆలస్యం మాత్రం చెయ్యొద్దు. అతన్ని చంపి ఇంటికి పంపించు.

వదిన

మార్చి 1

వదినా,

ఈ ఉత్తరం మీద సీలు లేదని కంగారు పడకు. "మీ ఇంటి ఉత్తరాలు ఇక చదవలేనమ్మా, నా గుండె ఆగేట్టుంది" అని సీలయ్య చేతులెత్తేశాడు.

నీ ఉత్తరం చదివి ఆయన చెమటలు కక్కుతూ మా యజమాని దగ్గరికి పరిగెత్తాడు. యజమాని పోలీసుల్ని పిలిచాడు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, "ఆ పెద్ద డాక్టరు ఎవరు?" అన్నారు. మా పెద్ద రచయిత గది మూలలోంచి చెయ్యెత్తి "నేనే అనుకుంటాను" అన్నాడు. ఆయన్నీ నా పక్కన కూర్చోబెట్టారు. ఎవరు ఎవర్ని ఎందుకు చంపుతున్నారో విడమర్చి చెప్పేసరికి నాకు తలప్రాణం తోకకొచ్చింది. నమ్మలేదు. చివరికి చచ్చేవాణ్ణే అడుగుదామని అన్నయ్యని పిలిపించారు.

కెప్టెన్ వేషం వెండి బట్టల్లోనే వచ్చాడు. నీ ఉత్తరం అతని చేతికిచ్చారు. చదివి నవ్వబోయాడు వదినా. నోరు తెరిచాడు, భుజాలు కదిలాయి. నవ్వు రాలేదు. గాలి వచ్చింది.

నువ్వు నెత్తీ నోరూ కొట్టుకుని రాసిందంతా అప్పుడు నా బుర్రకెక్కింది. "అన్నయ్యా, ఏదైనా మాట్లాడు" అన్నాను. వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. చంటిపిల్లలా ఏడ్చాను, ఆ పోలీసుల ముందే. వాళ్ళు పాపం మంచినీళ్ళిచ్చి వెళ్ళిపోయారు.

రెండు పేజీలూ చింపేశాను. పెద్దాయన నా పక్కన కూర్చుని ఎంతోసేపు ఆలోచించి, "బయటికెళ్ళగానే రేడియో పాడవుతుంది. గాలి లేని చోట శబ్దం ఉండదు. శాస్త్రం ఒప్పుకుంటుంది" అన్నాడు. ఆ నోట ఆ మాట వినడం ఇదే మొదలు. అలాగే రాశాం. కెప్టెన్ చిల్లు పూడుస్తాడు, తాడు తెగుతుంది, దూరంగా పోతూ ఏదో చెబుతాడు. పెదవులు కదులుతాయి, ఎవరికీ వినపడదు. నిన్ననే తీశారు.

అన్నయ్య నా వంక చూడలేదు. ఎందుకు చంపానో తెలిసినా క్షమించలేదు. నీ ఉత్తరం మడిచి తన దగ్గరే పెట్టుకున్నాడు. వారంలో ఇంటికొస్తాడు. నిన్నెలా చూస్తాడో ఏమో, నాకు భయంగా ఉంది.

మరదలు

మార్చి 24

మరదలికి ఆశీస్సులు.

నిన్న ఆఖరి ఎపిసోడు వేశారు. మా పళ్ళ డాక్టరు పెందలాడే తలుపులు మూసేశాడు. పక్కవాటా వాళ్ళూ పైవాటా వాళ్ళూ మా ఇంట్లోనే చేరారు, కెప్టెన్‌ని పక్కన కూర్చోబెట్టుకుని కెప్టెన్‌ని చూడటానికి. చచ్చిపోతాడా అని అతన్నే అడుగుతారు! అతను చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

నేను చూడనని వంటింట్లోకి పోయాను. గిన్నెలు తోమాను. తోమిన గిన్నెలే మళ్ళీ తోమాను. ముందుగదిలో ఒక్కసారిగా సద్దుమణిగేసరికి ఉండబట్టలేక గుమ్మంలోకి వచ్చాను. తాడు తెగింది. నల్లటి శూన్యంలో ఇంతై, చుక్కంతై, పోతున్నాడు. చంపమని రాసింది ఈ చెయ్యే. మనిషి నా ఎదురుగా కుర్చీలో నిక్షేపంలా ఉన్నాడు. అయినా నాకు ఏడుపు ఆగలేదే! చంపమన్నానని ఇంత ఘోరంగా చంపుతావా? పైవాటావిడ నన్ను పట్టుకుని ఓదార్చింది. అతను ఒకసారి నావైపు చూసి మొహం తిప్పేసుకున్నాడు.

ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ ఇదే వరస. నెలరోజులు నోరు విప్పకూడదని గొంతు డాక్టరు ఆజ్ఞ. సరైన సమయానికి ఆపించారన్నాడు. మాట వస్తుందట, మునుపటంత కాదట. రాసి చూపించడానికి ఒక పలక కొన్నాను. పాలవాడికి రాసి చూపిస్తాడు, పేపరువాడికి రాస్తాడు, పక్కింటి పసివాడికి పిల్లి బొమ్మ వేసిస్తాడు. నాకు ఒక్క అక్షరం రాయడు. ఈ మౌనంలో డాక్టరుదెంతో నా మీది కోపం ఎంతో నాకు తెలియడం లేదు. నెల ముగిస్తే తేలిపోతుంది.

ఇది చాలదన్నట్టు ఇవాళ పళ్ళ డాక్టరు దగ్గరికి వచ్చిన ప్రతి నోరూ ఒకటే ప్రశ్న. ఆఖర్న ఏమన్నాడు? అంతసేపు పెదవులు కదిపాడు కదా, ఏమన్నాడు? భూమికి వీడ్కోలని ఒకడు, శత్రువు ఎవరో చెప్పాడని ఇంకొకడు. ఇద్దరూ నోట్లో దూది పెట్టుకునే కొట్టుకున్నారు. నువ్వేం రాశావో చెప్పు, వీళ్ళ నోళ్ళు మూయిస్తాను.

వదిన

మార్చి 31

వదినకి నమస్కారాలు.

నేనేమీ రాయలేదు! "పెదవులు కదుపుతాడు" అని రాశాను, అంతే. ఒకటో రెండో మాటలు కదిపి ఊరుకుంటాడనుకున్నాం. అన్నయ్య ఆపలేదు. చెప్పుకుంటూ పోయాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయని కెమెరా పట్టినాయన ఆపమనలేకపోయాడట.

ఇప్పుడు మాకు నిద్ర లేదు. మమ్మల్ని మళ్ళీ అదే గెస్ట్‌హౌస్‌లో పెట్టారు. వచ్చే ఏడు కథంతా ఆ మాటల మీదే నడపాలని యజమాని పట్టు. పెద్దాయన అద్దం ముందు నిలబడి పెదవులు కదిపి చూసుకుంటున్నాడు. మొదటి మాట "నక్షత్రాలు" అని తేల్చాడు. నాకైతే ఎంత చూసినా నక్షత్రాలు కనబడలేదు.

నా ఉత్తరాలకి అన్నయ్య జవాబివ్వడు. నువ్వే అడుగు వదినా, నీ పుణ్యముంటుంది. నా మీద కోపం తగ్గిందేమో అది కూడా చూడు.

మరదలు

ఏప్రిల్ 11

మరదలికి ఆశీస్సులు.

నిన్న డాక్టరు మళ్ళీ గొట్టం పెట్టి చూసి, మెల్లగా, కొద్దికొద్దిగా మాట్లాడొచ్చన్నాడు. "ఏదీ, ఒక మాట అనండి" అంటే మీ అన్నయ్య "థాంక్సు" అన్నాడు. బొంగురుగా, గరగరమంటూ, కానీ మాటే. గాలి కాదు. దారి పొడుగునా ఇంకేమైనా అంటాడేమోనని చూశాను. బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. అప్పుడు తెలిసింది, ఇన్నాళ్ళ మౌనంలో డాక్టరు వాటా ఏమీ లేదని.

ఇంటికొచ్చి తాళం తీశాను. ఇక ఊరుకోలేకపోయాను. "మాట్లాడకపోతే మానండి. ఆ ఆఖర్న ఏమన్నారో అదొక్కటి చెప్పండి. నా ప్రాణాలు తోడేస్తున్నారు జనం" అన్నాను.

చెప్పులు విప్పుతున్నవాడల్లా ఆగి, నావైపు తిరిగాడు.

"నిన్నే తిట్టాను" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. "ఎవర్ని?" అన్నాను.

"నిన్నే. ఇంకెవర్ని? మొగుణ్ణి చంపమని రాయడానికి నీకు చేతులెలా వచ్చాయే? నొప్పి తెలియకుండా చంపాలా? ఇన్నేళ్ళు ఎదురుచూసిన వేషం, ఒక్క ముక్కలో..." గుమ్మంలో నిలబడే మొదలుపెట్టాడు. ఆ గాజుబుర్రలో ఎవరికీ వినపడకుండా నన్ను తిట్టిన తిట్లన్నీ వరసపెట్టి తిడుతున్నాడు. నా చేతిరాతని తిట్టాడు, నా పంతాన్ని తిట్టాడు, ఒట్టు తప్పినందుకు తిట్టాడు. అడిగితే తను మానుకోడని నాకు తెలిసినందుకు కూడా తిట్టాడు. మీ పెద్దాయనతో చెప్పు, అందులో నక్షత్రాల ఊసే లేదు.

ఉత్తరం చేతికి రాగానే ఇంటికొచ్చి నన్ను నాలుగు దులిపేద్దామనుకున్నాడట. గొంతు రాలేదు. దులపడానికి కూడా గొంతు రానప్పుడు భయమేసింది అన్నాడు. ఆ మాట మాత్రం మెల్లగా అన్నాడు.

నేను గోడకి ఆనుకుని వింటున్నాను. తిట్లకి ఎవరైనా బాధపడతారు కదా? ఒక్కో తిట్టూ స్పష్టంగా వినపడుతుంటే నాకు సంతోషం పట్టలేక ఏడుపొచ్చింది. సగంలో అతనికి గొంతు పట్టేసి దగ్గొచ్చింది. ఇక ఆపేస్తాడేమోనని హడలిపోయి, లోపలికి పరిగెత్తి గ్లాసు పట్టుకొచ్చాను.

"ముందు ఈ మంచినీళ్ళు తాగండి, తాగి మిగతావి తిట్టండి" అన్నాను.

తాగాడు. గ్లాసు నా చేతికిచ్చి, మళ్ళీ మొదటి నుంచి అందుకున్నాడు.

వదిన